ఎండు మిరపకాయ: వంటింటి పద్ధతులలో దాగిన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మిరప రాకముందు దక్షిణ భారతదేశపు వంటలలో కారం ఏ దినుసుల నుంచి వచ్చేదో వివరించగలుగుతారు.
• మిరప మన దేశానికి చేరిన మార్గాన్ని, అది త్వరగా వ్యాపించడానికి గల కారణాలను తెలుపగలుగుతారు.
• ఎండు మిరపకాయను ఇళ్ళలో వాడే ముఖ్య పద్ధతులను వర్గీకరించి, వాటి వెనుక ఉన్న చారిత్రక పొరలను గుర్తించగలుగుతారు.
• వంటింటి ఆచారాలను చరిత్ర ఆధారాలుగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, విదేశీ యాత్రికుల రచనలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో పరిశీలించబోయే ఆధారం మీ ఇంట్లోనే ఉంది. ఒకసారి పోపుల పెట్టె మూత తీసి చూడండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఇంగువ, వాటి పక్కన ఎండు మిరపకాయలు కనిపిస్తాయి. ఇవన్నీ మొదటి నుంచీ కలిసే ఉన్నట్టు అనిపిస్తుంది. కాని వీటిలో ఎండు మిరపకాయ మిగతావాటికంటే చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. సుమారు 500 సంవత్సరాల క్రితం వరకు భారతదేశంలో మిరప మొక్కే లేదు.

ఈ మాట మొదటిసారి విన్నవారికి నమ్మకం కుదరదు. మిరపకాయ లేని పప్పు, ఆవకాయ, పులిహోర ఎలా ఉంటాయో ఊహించడం కూడా కష్టమే. ‘ఉప్పూ కారం తినే మనిషి’ అంటే రోషం, అభిమానం ఉన్నవాడని అర్థం. అంటే ఒక విదేశీ మొక్క మన వంటతో పాటు మన వ్యక్తిత్వాన్ని చెప్పుకునే మాటలోకి కూడా వచ్చింది. ఇంత కొత్త వస్తువు ఇంత పాతదానిలా ఎలా అయింది? ఈ పాఠం అడిగే ప్రశ్న ఇదే.

దీనికి మనం ఇవ్వబోయే సమాధానాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మిరప సముద్రాలు దాటి వచ్చింది కాని, తన వంట పద్ధతులను వెంట తీసుకురాలేదు. మన ఇళ్ళలో తాలింపు పెట్టడం, వేయించి నూరడం, ఊరబెట్టడం, ఎండబెట్టడం అనే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. మిరియాలు, ఆవాలు, శొంఠి వాడటానికి అలవాటుపడిన చేతులు ఈ కొత్త కాయను ఆ పాత పద్ధతులలోనే ఇమిడ్చాయి. అందుకే కాయ కొత్తదైనా వంట పాతదిగా కనిపిస్తుంది.

2. మిరపకు ముందు కారం

మిరప లేని రోజులలో మన పూర్వులు చప్పిడి తిండి తిన్నారనుకోవడం పొరపాటు. ఆరు రుచులలో ఒకటైన కటు రసానికి, అంటే కారానికి, అనేక మూలాలు ఉండేవి. ఆయుర్వేదంలో ‘త్రికటుకం’ అనే మాట ఉంది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు అనే మూడు ఘాటైన దినుసుల కలయికకు ఆ పేరు. కారాన్ని సూచించే ఈ ప్రసిద్ధమైన జాబితాలో మిరపకు చోటు లేదు.

12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో వంటల గురించి విస్తారమైన భాగం ఉంది. అందులో మిరియాలు, అల్లం, ఇంగువ వంటి దినుసులు కనిపిస్తాయి. మొగలుల కాలంలో 16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ రచించిన ఐన్-ఇ-అక్బరీ రాచ వంటశాల వంటకాలను, వాటికి కావలసిన దినుసుల కొలతలతో సహా పేర్కొంది. అక్కడ కూడా కారానికి మిరియాలు, అల్లమే ఆధారం.

తెలుగు సాహిత్యంలో మనకు దొరికే మంచి ఆధారం శ్రీకృష్ణదేవరాయల (పాలనా కాలం 1509–1529) ఆముక్తమాల్యద. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏ భోజనం పెట్టేవాడో కవి అందులో వర్ణించాడు. వానాకాలపు భోజనంలో పప్పు, కూరలతో పాటు వరుగులు, వడియాలు ఉన్నాయి. చలికాలపు భోజనంలో మిరియాల పొడి వేసిన వేడివేడి కూరలు, ముక్కుకు ఘాటెక్కే ఆవపచ్చళ్ళు, ఊరగాయలు ఉన్నాయి. ఈ వర్ణనలలో మిరప లేదు.

ఈ వర్ణనలో రెండు విషయాలను ప్రత్యేకంగా గమనించండి. మొదటిది, ఎండబెట్టడం, ఊరబెట్టడం, పొడి చేసి చల్లడం వంటి పద్ధతులు అప్పటికే స్థిరపడి ఉన్నాయి. రెండవది, ఆవ ఘాటు ముక్కుకు తగులుతుంది. దీనికి శాస్త్రీయ కారణం ఉంది. ఆవపిండి తడిసినప్పుడు విడుదలయ్యే ఘాటు పదార్థం గాలిలో సులభంగా కలుస్తుంది కాబట్టి ముక్కులోకి వెళుతుంది. మిరియాలలోని పైపరిన్, మిరపలోని క్యాప్సైసిన్ అలా కాదు. వాటి మంట నాలుకమీద, గొంతులో నిలుస్తుంది. అందుకే మిరప ఆవకంటే మిరియానికే దగ్గరి ప్రత్యామ్నాయం అయింది.

3. సముద్రాలు దాటిన మొక్క

మిరప జన్మస్థలం అమెరికా ఖండాలు. మెక్సికో ప్రాంత ప్రజలు వేల సంవత్సరాల క్రితమే దానిని సాగులోకి తెచ్చారు. ‘చిల్లీ’ అనే మాట కూడా అక్కడి నాహువాత్ల్ భాషదే. ఎండు మిరపకాయను వేడి పెనం మీద కాల్చడం, నీటిలో నానబెట్టి రాతిమీద నూరి పులుసు చిక్కబరచడం, పండిన కాయను పొగబెట్టి ఎండబెట్టడం మెక్సికో వంటలో నేటికీ ముఖ్య పద్ధతులు.

1492లో కొలంబస్ పశ్చిమ దిశగా బయలుదేరడానికి ఒక ముఖ్య కారణం ఆసియా సుగంధ ద్రవ్యాలు. వాటిలో మిరియం ప్రధానమైనది. కరీబియన్ దీవులలో అతనికి మిరియం దొరకలేదు కాని, స్థానికులు ‘అహి’ అని పిలిచే ఘాటైన కాయ కనిపించింది. 1493 జనవరిలో తన దినచర్యలో దానిని మిరియంకంటే మేలైనదిగా పేర్కొన్నాడు. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాడు. 1510లో పోర్చుగీసువారు గోవాను ఆక్రమించారు. బ్రెజిల్, ఆఫ్రికా తీరం, గోవాలను కలిపిన పోర్చుగీసు ఓడల మార్గం ద్వారా 16వ శతాబ్దంలో మిరప మన పశ్చిమ తీరానికి చేరింది. రాయలు ఆముక్తమాల్యదలో మిరియాల పొడి గురించి రాసిన కాలం, పోర్చుగీసువారు గోవాలో స్థిరపడిన కాలం దాదాపు ఒకటే కావడం ఆసక్తికరమైన విషయం.

మిరప ఎంత వేగంగా వ్యాపించిందంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో పండితులే గుర్తించలేకపోయారు. జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ 1542లో ప్రచురించిన మూలికల గ్రంథంలో మిరప బొమ్మలు ఉన్నాయి. అతడు దానిని ‘కాలికట్ మిరియం’గా, భారతదేశపు మొక్కగా భావించాడు. 1776లో జాక్విన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక మిరప జాతికి చైనా పేరు వచ్చేలా నామకరణం చేశాడు. ఆ జాతి కూడా అమెరికాదే. లిఖిత ఆధారం సమకాలీనమైనదైనా తప్పు కావచ్చని ఈ రెండు ఉదాహరణలు మనకు నేర్పుతాయి.

4. పేరు చెప్పే సాక్ష్యం

కొత్త వస్తువు వచ్చినప్పుడు ప్రజలు దానికి పాత వస్తువు పేరును కొద్దిగా మార్చి పెడతారు. మిరియం, మిరప అనే మాటల పోలికను గమనించండి. తమిళంలో మిరియం ‘మిళగు’, మిరపకాయ ‘మిళగాయ్’. కన్నడంలో మిరియం ‘మెణసు’, మిరపకాయ ‘మెణసినకాయి’. హిందీలో రెండూ ‘మిర్చ్’ మాటే, రంగును బట్టి నలుపు, ఎరుపు అని వేరుచేస్తారు. స్పానిష్‌లో కూడా మిరియం ‘పిమియెంత’ కాగా, మిరప ‘పిమియెంతో’ అయింది.

మలయాళం ఇంకొక అడుగు ముందుకు వేసింది. మిరియం పుట్టినిల్లయిన కేరళలోనే ‘ములకు’ అనే పాత పేరు ఇప్పుడు మిరపకు చెల్లుతుంది. అసలు మిరియాన్ని ‘కురుములకు’ అని విడిగా చెప్పవలసి వస్తుంది. వచ్చిన అతిథి ఇంటి యజమాని పేరును సొంతం చేసుకున్నట్టయింది.

తెలుగులో మరో విశేషం ఉంది. ‘కారం’ అనేది రుచి పేరు. కాని ‘డబ్బాలో కారం అయిపోయింది’ అన్నప్పుడు మనం చెప్పేది మిరపపొడి గురించే. అంటే ఒక రుచి పేరు మొత్తం ఒకే వస్తువుకు స్థిరపడింది. మిగతా ఘాటైన దినుసులన్నిటినీ మిరప ఎంతగా వెనక్కి నెట్టిందో ఈ ఒక్క వాడుక చెబుతుంది.

5. మిరప ఎందుకు నిలిచింది?

మిరియం తీగ మలబారు వంటి తేమ ప్రాంతాలలో పెరుగుతుంది. కాపుకు రావడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది. తెలుగు ప్రాంతంలోని మెట్ట గ్రామాలకు మిరియం ఎప్పుడూ బయటి నుంచి కొనుక్కోవలసిన సరుకే. మిరప అలా కాదు. విత్తనం వేసిన కొన్ని నెలలలోనే కాపుకు వస్తుంది. పెరటిలో నాలుగు మొక్కలు వేసుకున్నా ఇంటికి సరిపడా కాయలు వస్తాయి. ఒక్క కాయలో మరుసటి ఏటికి కావలసిన విత్తనాలు ఉంటాయి.

అయితే పచ్చి కాయ కొద్ది రోజులే నిలుస్తుంది. మిరపను ఏడాది పొడవునా వాడే దినుసుగా మార్చింది ఎండబెట్టడమే. పండిన మిరపకాయ బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. కల్లంలో ఆరబోసి, రోజూ తిరగేస్తూ, రాత్రి మంచుకు తడవకుండా కప్పుతూ ఎండబెడితే చివరకు తేమ పదోవంతుకు దగ్గరగా దిగుతుంది. కాయను చేతిలో కదిపితే లోపలి గింజలు గలగలమనాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది.

తెలుగు ప్రాంతపు కాలచక్రం కూడా ఇందుకు అనుకూలించింది. వానలు వెనుకబడిన తరువాత కాయ పండుతుంది, చలి తగ్గి ఎండలు ముదిరే సమయానికి కల్లాల్లో ఆరుతుంది. ఆ తరువాత మామిడికాయ వస్తుంది. ఏడాది కారం దంపించుకునే రోజులు, ఆవకాయ పెట్టుకునే రోజులు పక్కపక్కనే రావడం ఈ పంటల వరుస వల్లనే.

ఇక్కడ ఒక సామాజిక విషయాన్ని గమనించాలి. మిరియం చాలా కాలం ఖరీదైన వాణిజ్య సరుకు. మిరప పేదవాడికి కూడా అందింది. కూర వండుకునే స్తోమత లేని ఇంట్లో గొడ్డుకారం, ఉప్పు, ఉంటే ఒక చుక్క నూనె కలుపుకొని అన్నం తిన్న రోజులు మన పెద్దలకు గుర్తే. జొన్నరొట్టె, సంగటి తినే ఇళ్ళలో కూడా నూరిన కారం ఒక్కటే కూర స్థానాన్ని తీసుకొనేది. అందువల్ల మిరప చరిత్ర అంటే రుచి చరిత్ర మాత్రమే కాదు, లేమి చరిత్ర కూడా. రాజుల వంటశాల గురించి గ్రంథాలు చెబుతాయి. కూలి ఇంటి గురించి చెప్పడానికి ఇటువంటి ఆధారాలే దిక్కు.

6. ఇంటి పద్ధతులు: ఒక చారిత్రక పరిశీలన

ఎండు మిరపకాయను మన ఇళ్ళలో వాడే పద్ధతులను ఐదు వర్గాలుగా విభజించవచ్చు. ప్రతి పద్ధతిని చదివేటప్పుడు ‘ఇందులో కొత్తది ఏది, పాతది ఏది?’ అని ప్రశ్నించుకోండి.

6.1 తాలింపు: నూనె లేదా నెయ్యి కాగిన తరువాత మినప్పప్పు, శనగపప్పు వేస్తారు. అవి రంగు మారుతుండగా ఆవాలు వేస్తారు. ఆవాలు చిటపటలాడిన తరువాతే తుంచిన ఎండు మిరపకాయలు, చివరన ఇంగువ, కరివేపాకు వేస్తారు. ఈ వరుసకు కారణం ఉంది. ఎండు మిరపలో తేమ తక్కువ కాబట్టి కొన్ని క్షణాలలోనే మాడి చేదెక్కుతుంది. మిరప కారం, ఎర్ర రంగు నీటిలో అంతగా కరగవు, నూనెలో కరుగుతాయి. అందుకే ఒక చెంచా నూనెలో రెండు కాయలు వేగితే గిన్నెడు పప్పుకు వాసన పడుతుంది. కాయను తుంచితే కారం ఎక్కువగా దిగుతుంది, తుంచకుండా వేస్తే తగ్గుతుంది. కారం గింజలలో ఉంటుందని అందరూ అనుకుంటారు కాని, అది ప్రధానంగా గింజలు అంటుకొని ఉండే లోపలి తెల్లని ఈనెలో ఉంటుంది. ఘాటైన దినుసును కొవ్వులో వేయించి వంటకంలో కలిపే పద్ధతి ఈ దేశంలో పాతది. మిరప అందులో చేరిన కొత్త సభ్యురాలు.

6.2 వేయించి లేదా కాల్చి నూరడం: కందిపచ్చడి, గోంగూర పచ్చడి వంటి రోటి పచ్చళ్ళు ఈ వర్గానికి చెందినవి. కొద్ది నూనెలో మిరపకాయలు వేయించి, చల్లారనిచ్చి, ముందుగా ఉప్పుతో కలిపి రోట్లో దంచుతారు. అవి నలిగిన తరువాతే చింతపండు, మగ్గిన ఆకు లేదా ముక్కలు వేస్తారు. తడి పదార్థం ముందు వేస్తే మిరప తొక్కలు నలగవు. తెలంగాణ ఇళ్ళలో పచ్చిపులుసుకు ఎండు మిరపకాయను నిప్పులమీద కాల్చి, చింతపండు రసంలో పిసికి కలిపే అలవాటు ఉంది. రోలు, సన్నికల్లు మిరపకంటే చాలా పాత పనిముట్లు. మెక్సికోలోనూ కాల్చి రాతిమీద నూరుతారు. ఇది ఒకరి నుంచి మరొకరు నేర్చుకున్నది కాదు. ఎండిన కాయ, నిప్పు, రాయి ఉన్నచోట మనిషి చేయగలిగే పనులు ఒకేలా ఉంటాయి.

6.3 పొడి చేయడం: ఇందులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి, ఎండలో పెళపెళలాడేలా ఎండిన కాయల తొడిమలు తీసి దంచిన కారం. రెండు, పప్పులు, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు వంటివాటితో వేయించి దంచిన కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి వంటివి. బాలింతలకు, జ్వరం తగ్గినవారికి పథ్యంగా పెట్టే పొడులలో మాత్రం నేటికీ అనేక ఇళ్ళలో మిరపకు బదులు మిరియాలు, శొంఠి వేస్తారు. ఒకే వంటింట్లో పాత పొడి, కొత్త పొడి పక్కపక్కనే నిలిచి ఉన్నాయన్నమాట.

6.4 నానబెట్టి నూరడం: ఎండు మిరపకాయలను వేడినీటిలో నానబెట్టి, ఉల్లిపాయ లేదా వెల్లుల్లి, ఉప్పుతో మెత్తగా నూరే పద్ధతి ఇది. రాయలసీమలో దోశమీద పూసే ఎర్రకారం ఇందుకు ఉదాహరణ. నానడం వల్ల తొక్క మెత్తబడి ముద్ద నున్నగా వస్తుంది. ఇంత రంగు కావాలనుకున్నప్పుడు కారం తక్కువ, ఎరుపు ఎక్కువ ఉన్న రకాన్ని కలుపుతారు. కర్ణాటక బ్యాడిగి, వరంగల్ చపాటా అలాంటివి. గుంటూరు సన్నం, తేజ రకాలు కారానికి ప్రసిద్ధి.

6.5 ఊరబెట్టడం, ఊరబెట్టి ఎండబెట్టడం: ఆవకాయ పేరును గమనించండి. అందులో కారం, ఉప్పు, నూనె, మామిడి ముక్కలు ఉన్నా, పేరు మాత్రం ఆవది. మన కళ్ళకు కనిపించే ఎరుపు మిరపది, పిలిచే పేరు ఆవది. పాత కాలపు ఆవపచ్చళ్ళ జ్ఞాపకం ఈ పేరులో మిగిలింది. చల్ల మిరపకాయలు మరో ఉదాహరణ. పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పు కలిపిన చిక్కని మజ్జిగలో ఊరవేసి, పగలు ఎండబెట్టి రాత్రి మళ్ళీ అదే మజ్జిగలో వేస్తారు. మజ్జిగ ఇంకిపోయాక గలగలలాడేలా ఎండించి, వానాకాలంలో నూనెలో వేయించి పప్పన్నంలోకి, పెరుగన్నంలోకి నంజుకుంటారు. ఆముక్తమాల్యద వానాకాలపు భోజనంలోని వరుగుల పద్ధతే ఇది, అందులోకి కొత్త కాయ వచ్చింది.

7. వంటింటి బయట: శ్రమ, మార్కెట్

ఇప్పటివరకు కాయ ప్రయాణాన్ని చూశాం. ఆ కాయ వెనుక ఉన్న మనుషులను చూడకపోతే ఈ చరిత్ర అసంపూర్ణమవుతుంది. ఏడాదికి సరిపడా కారం దంచడం ఒకప్పుడు స్త్రీల పని. ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేసేవారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా తుమ్ములు, కళ్ళమంట తప్పేవి కావు. రాత్రి చేతుల మంట తగ్గడానికి నూనె రాసుకునేవారు. కారం మరలు వచ్చాక ఈ శ్రమ చాలావరకు తగ్గింది. ‘రోటి పచ్చడి రుచే వేరు’ అని మనం అన్నప్పుడు ఆ రుచికి ఎవరి చేతులు మండాయో కూడా గుర్తుంచుకోవడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

పొలంలోనూ ఇదే పరిస్థితి. మిరప కాయలన్నీ ఒకేసారి పండవు కాబట్టి పలుమార్లు కోయాలి. ఈ కోతలు ఎక్కువగా స్త్రీ కూలీల చేతుల మీదుగానే జరుగుతాయి. 20వ శతాబ్దంలో గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం నుంచి కొత్త రకాలు వచ్చాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైంది. పెరటి మొక్క క్రమంగా పెద్ద వాణిజ్య పంటగా మారింది. నేడు భారతదేశం ఎండు మిర్చి ఉత్పత్తిలో, ఎగుమతిలో ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోని అతి పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి.

వాణిజ్య పంటతో పాటు నష్టభయం కూడా వచ్చింది. 2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు దాడి వల్ల ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మిరప రైతులు తీవ్రంగా నష్టపోయారు. ఒకప్పుడు మిరియం కొనలేని పేదవాడికి అందుబాటులోకి వచ్చిన కాయ, నేడు దానిని పండించే కౌలు రైతును అప్పులపాలు చేయగలదు. మిరపను అందరికీ అందించిన చరిత్ర, దానిని దూరపు మార్కెట్ ధరకు కట్టివేసిన చరిత్ర రెండూ కలిపి చదవవలసినవే.

8. వంటింటి ఆధారాన్ని ఎలా చదవాలి?

మనం ఈ పాఠంలో నాలుగు రకాల ఆధారాలను వాడాం. అవి: గ్రంథాలు, పేర్లు, పద్ధతులు, ఆచారాలు. మొదటి మూడింటిని చూశాం. చివరిదానికి రెండు ఉదాహరణలు చూద్దాం. తద్దినం వంటలో అనేక కుటుంబాలు మిరపకాయ వాడవు, మిరియాలే వేస్తాయి. పితృదేవతలకు సంబంధించిన ఆచారం మార్పును సులభంగా అంగీకరించదు. అందువల్ల మిరపకు ముందునాటి వంట అక్కడ నిలిచిపోయింది. దీనికి భిన్నంగా, పిల్లలకు దిష్టి తీసేటప్పుడు ఉప్పుతో పాటు ఎండు మిరపకాయలు తిప్పి నిప్పులో వేస్తారు. ఇంటి ఆడవారి చేతిలో ఉన్న ఆచారం కొత్త కాయను స్వేచ్ఛగా స్వీకరించింది. ఒకే ఇంట్లో ఒక ఆచారం మిరపను బయట ఉంచింది, మరొకటి లోపలికి పిలిచింది.

అయితే ఈ ఆధారాలను వాడేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం.

(అ) ఒక గ్రంథంలో ఒక వస్తువు ప్రస్తావన లేకపోతే, అది ఆ కాలంలో లేదని వెంటనే తేల్చకూడదు. మిరప విషయంలో గ్రంథాల మౌనానికి వృక్షశాస్త్ర ఆధారం, సముద్ర వాణిజ్య చరిత్ర తోడయ్యాయి కాబట్టి మన నిర్ధారణ బలపడింది.

(ఆ) పేరు పాతదైతే వంటకం మొత్తం పాతదని అర్థం కాదు. ఆవకాయ అనే పేరు ఆవ ప్రాధాన్యాన్ని సూచిస్తుంది. ఆ ఊరగాయ నేటి రూపంలో ఎప్పుడు మొదలైందో ఆ పేరు ఒక్కటే చెప్పదు.

(ఇ) ‘ఇది అనాదిగా వస్తున్న సంప్రదాయం’ అనే మాటను ఆధారంగా కాక, పరిశీలించవలసిన ప్రశ్నగా తీసుకోవాలి. మిరప బయటి నుంచి వచ్చిందని తెలిసినంత మాత్రాన ఆవకాయ మనది కాకుండా పోదు. నాలుగైదు శతాబ్దాలపాటు లెక్కలేనన్ని వంటిళ్ళలో చేసిన ప్రయోగాల వల్లే అది మనదయింది. సంప్రదాయం అంటే మారకుండా ఉండటం కాదని, వచ్చినదాన్ని తమ పద్ధతిలోకి మలచుకోవడమని ఎండు మిరపకాయ చరిత్ర చూపుతుంది.

9. సారాంశం

మిరపకు ముందు మన వంటలలో కారం మిరియాలు, పిప్పళ్ళు, శొంఠి, అల్లం, ఆవాల నుంచి వచ్చేది. అమెరికాకు చెందిన మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాణిజ్యం ద్వారా పశ్చిమ తీరానికి చేరి, క్రమంగా దేశమంతటా వ్యాపించింది. చవకగా పండటం, ఎండబెడితే ఏడాదంతా నిలవడం దాని విజయానికి ముఖ్య కారణాలు. తాలింపు, నూరడం, పొడి చేయడం, ఊరబెట్టడం వంటి పాత పద్ధతులలో అది ఇమిడిపోయింది. పేర్లలో, పథ్యంలో, తద్దినం వంటలో పాత కారం జాడలు మిగిలి ఉన్నాయి. ఈ జ్ఞానాన్ని కాపాడినవారు గ్రంథకర్తలు కారు. పేరు రాసుకోకుండా తరతరాలుగా వంట చేసిన స్త్రీలు.

10. కృత్యం

మీ ఇంట్లో లేదా మీ వీధిలో 70 ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడను కలిసి ఈ ప్రశ్నలు అడగండి. ఆమె చెప్పినది ఆమె మాటలలోనే రాసుకోండి.
1. మీ చిన్నతనంలో ఏడాది కారం ఎవరు, ఎక్కడ దంచేవారు?
2. మిరపకాయ వేయకుండా మిరియాలతోనే చేసే వంటలు ఏవి? ఏ సందర్భాలలో చేసేవారు?
3. కూర లేని రోజున అన్నంలోకి ఏమి కలుపుకునేవారు?
4. మీ అత్తగారింట నేర్చుకున్న పచ్చడికి, పుట్టింటి పచ్చడికి తేడా ఏమిటి?

తరువాత ఆ సమాధానాలలో ఏది ఆమె స్వయంగా చూసినది, ఏది విన్నది అని వేరుచేయండి. మౌఖిక చరిత్ర సేకరణలో ఇది మొదటి మెట్టు.

11. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. త్రికటుకంలోని మూడు దినుసులు ఏవి?
2. ఆముక్తమాల్యదలోని చలికాలపు భోజనంలో కారానికి ఆధారమైన దినుసులు ఏవి?
3. తాలింపులో ఆవాల తరువాతే ఎండు మిరపకాయ వేయడానికి కారణం ఏమిటి?

సమాధానాలు: 1. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు. 2. మిరియాల పొడి, ఆవ. 3. తేమ తక్కువగా ఉండటం వల్ల మిరపకాయ త్వరగా మాడి చేదెక్కుతుంది.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మిరప భారతీయ వంటలలో స్థిరపడటానికి గల కారణాలను వివరించండి.
2. ఎండు మిరపకాయ వాడే ఇంటి పద్ధతులలో పాత, కొత్త అంశాల కలయికను ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మిరప చరిత్రకు భాషాపరమైన ఆధారాలు ఏవి?
2. తద్దినం వంట, దిష్టి తీయడం అనే ఆచారాలు మిరప గురించి ఏమి తెలుపుతాయి?
3. గ్రంథాల మౌనాన్ని ఆధారంగా తీసుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?